వెడల్పు పాదములు - ఫుట్‌బాల్ బూట్లు

గత వర్షాకాలములో ఒకనాటి సాయంకాలము మేము మా మనుమరాలి ఆట చూచుటకు పాఠశాల మైదానమునకు వెళ్లితిమి. ఆ పిల్లకు పండ్రెండేండ్లు. ఫుట్‌బాల్ అనిన అన్నము నీళ్లు అక్కరలేనంత మక్కువ. అటువంటిది, ఆనాడు సగము ఆట ముగియగానే మైదానము విడిచి వచ్చి గట్టుమీద కూర్చుండి, మరల దిగనని భీష్మించినది. "ఏమమ్మా, భయమా?" అని అడిగితిమి. ముప్పది యేండ్లు వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినవారము గనుక పిల్లల సాకులన్నియు మాకు తెలియునని మా నమ్మకము. "భయం కాదు తాతయ్యా, బూట్లు కరుస్తున్నాయి" అనినది. మేజోడు విప్పి చూతుము గదా, చిటికెన వ్రేలి ప్రక్క తోలు లేచి రక్తము చెమర్చుచున్నది. బొటనవ్రేలి గోరు నల్లబడి యున్నది.

ఆ బూట్లు కొనిపెట్టినవారము మేమే. అంతకు మూడు వారములకు పూర్వము పట్టణములో ఒక అంగడికి తీసికొనిపోయితిమి. పిల్ల ఒక జత తొడిగి చూచి "బిగుతుగా ఉంది" అనగా, అంగడియతడు "ఒక సైజు పెద్దది తీసుకోండి సార్, ఎదిగే పిల్ల గదా" అనెను. ఆ మాట మాకును నచ్చినది. ఎదుగు పిల్లలకు ఒక కొలత పెద్దది కొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చు పొదుపు. చొక్కా విషయమున అది చెల్లును గనుక బూటు విషయమునను చెల్లుననుకొంటిమి. రెండు వేల రూపాయలకు పైబడి చెల్లించితిమి. ఇప్పుడు ఇంటికి వచ్చు దారిలో ఆ పిల్ల, "నేనింక ఆడను తాతయ్యా. నా కాళ్లే మంచివి కావు" అనినది. జిల్లా జట్టు ఎంపికకు అప్పటికి అయిదు వారముల వ్యవధి మాత్రమే యున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగకాలమున ఇదే మాట ఎందరు పిల్లలు మాతో చెప్పియుందురో! "ఓర్చుకో, రెండు రోజులలో అలవాటగును" అని వారికందరకు ఒకే మందు వేసితిమి. వారిలో కొందరు అలవాటు పడిరి. కొందరు మెల్లగా మైదానమునకు రాక మానుకొనిరి. వారు సోమరులని అప్పుడు తలచితిమి. వారి పాదములను మేము ఒక్కమారైనను చూచితిమా యని ఇప్పుడు తలచుకొనిన సిగ్గగుచున్నది. ఈనాటి మా ప్రసంగము ఆ సిగ్గులోనుండి పుట్టినదే. పిల్లలుగల గృహస్థులకు ఇది కొంత సొమ్మును, పిల్లలకు కొంత బాధను మిగిల్చిన చాలును.

మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. బూటు నిడివి వేరు, వెడల్పు వేరు. నిడివి పెంచి వెడల్పు కొనుట సాధ్యము కాదు. ఇంగ్లీషు కొలతలో ఒక నంబరు పెరిగినచో బూటు నిడివి అంగుళములో మూడవవంతు, అనగా 8 మిల్లీమీటర్లకు పైగా పెరుగును. కాని వ్రేళ్ల మొదళ్లకడ వెడల్పు ఇంచుమించు 2 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. మా మనుమరాలి ఎడమ పాదమును తరువాత కొలిచి చూచితిమి. నిడివి 22.9 సెంటీమీటర్లు, వెడల్పు 9.5. మేము కొనిన పెద్ద బూటులోని అట్ట నిడివి 24 సెంటీమీటర్లు, వెడల్పు 8.7. అనగా నిడివిలో పదకొండు మిల్లీమీటర్లు అధికము, వెడల్పులో ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ! ఆ ఎనిమిది మిల్లీమీటర్లను నంబరు పెంచియే సంపాదింపవలెనన్నచో ఇంకను నాలుగు నంబర్లు పైకి పోవలెను. అప్పుడు బూటు నిడివి 27 సెంటీమీటర్లు దాటును. అది మా పాదమునకు సరిపోవు బూటు.

పొడవైన బూటు ఊరక పొడవుగా ఉండి పోయినను బాగుండును. కాని బూటు వంగుటకు ఒక చోటు గలదు; పాదము వంగుటకును ఒక చోటు గలదు. ఆ రెండును ఒక్కచోట ఉండవలెను. పొడవు హెచ్చైనప్పుడు బూటు వంగు చోటు ముందునకు జరిగి వ్రేళ్లక్రిందికి పోవును. పరుగిడు పిల్ల ప్రతి అడుగున బూటుతో పోరాడవలసి వచ్చును. మడమ వెనుక సందు ఏర్పడి, పాదము లోపల ముందు వెనుకలకు జారును. జారినప్పుడెల్ల బొటనవ్రేలు ముందు గోడకు కొట్టుకొనును. మా పిల్ల గోరు నల్లబడుటకు కారణము ఇదియే. బూటు చిన్నదైనందువలన గోరు నలిగినదని మేమనుకొంటిమి. నిజమునకు బూటు ఒకవైపు పెద్దదియు, ఒకవైపు చిన్నదియునై రెండు విధముల శిక్షించినది. గోరుచుట్టుమీద రోకటిపోటు అనుట ఇటువంటిదానినే కాబోలు.

మరి మన పిల్లల పాదములు "మంచివి కావు" అనుట ఎంతవరకు సత్యము? ఈ ప్రశ్న మమ్ము చాల దూరము తీసికొనిపోయినది. 2009లో బెల్జియము పరిశోధకులు కొందరు దక్షిణ భారతదేశమున చెప్పులు లేక నడచువారి పాదములను, చెప్పులు ధరించు భారతీయుల పాదములను, పాశ్చాత్యుల పాదములను పోల్చి ఒక అధ్యయనము ప్రకటించిరి. ఉత్తకాళ్లతో నడచువారి పాదములు వెడల్పైనవనియు, వారి శరీరభారము అరికాలిపై సమముగా పంచబడుననియు, పాశ్చాత్యుల పాదములు వీరి పాదములకంటె మిక్కిలి సన్ననివనియు వారు కనుగొనిరి. కావున వెడల్పు పాదము లోపము కాదు. నేలను స్వేచ్ఛగా త్రొక్కిన పాదము అట్లే విచ్చుకొనును. వంశమునుండి వచ్చు వెడల్పు కొంత, శరీరపు బరువునుబట్టి వచ్చునది కొంత గలదు.

మన పాదములకు మన కొలతలే లేకపోవుట అసలు చిక్కు. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బది యేండ్లు దాటినను మనము ఇంగ్లీషువారి నంబర్లు, ఐరోపావారి నంబర్లు, అమెరికావారి నంబర్లు వాడుచునే యుంటిమి. చెన్నపట్నములోని కేంద్రీయ చర్మ పరిశోధనా సంస్థవారు 2021 డిసెంబరునుండి 2022 మార్చివరకు దేశములో 79 చోట్ల 1,01,880 మంది పాదములను యంత్రములతో కొలిచిరి. భారతీయుల పాదములు ఐరోపా, అమెరికా వాసుల పాదములకంటె వెడల్పైనవని తేలినది. ఇరుకు బూట్లు పట్టక మనవారు అవసరమునకు మించిన పొడవు బూట్లు తొడుగుచున్నారనియు ఆ పరిశీలనలో బయటపడినది. అంగడిలో మేము చేసిన పొరపాటు దేశమంతటను చేయుచున్న పొరపాటే అని తెలిసి కొంత ఊరట పొందితిమి. దానినిబట్టి "భా" అను పేరుతో, భారత్ అను మాటలోని మొదటి అక్షరముతో, ఎనిమిది కొలతలుగల దేశీయ పద్ధతి నొకదానిని ప్రతిపాదించిరి. ఆ పరిశీలనలోనే మరియొక విశేషము గలదు: ఆడపిల్లల పాదము సగటున పదకొండవ యేటికే పూర్తి నిడివికి వచ్చునట, మగపిల్లలది పదునైదు పదునారేండ్లకు. ప్రతి పిల్లయు సగటు ననుసరించునని కాదు గాని, పండ్రెండేండ్ల పిల్లకు "ఎదిగే పిల్ల గదా" అని పెద్ద బూట్లు కొనిన మా పొదుపు ఎంత గడుసైనదో శ్రోతలే యూహింపవచ్చును.

ఈ సందర్భమున మన దేశపు ఫుట్‌బాల్ చరిత్ర కొంత జ్ఞప్తికి వచ్చుచున్నది. 1911లో కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకొనినపుడు ఆ జట్టులో ఒక్కరు తప్ప అందరును ఉత్తకాళ్లతోనే ఆడిరి. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సుతో ఆడి 1-2తో ఓడిన మన జట్టులో అధికులకు బూట్లు లేవు. బూట్లు వేయనీయలేదను కోపమున 1950 ప్రపంచ కప్పునకు మనవారు పోలేదని ఒక కథ వ్యాప్తిలో నున్నది. బూట్లు తొడుగుకొనుమనుట అలక పుట్టించినదని అనుట ఇంపుగానే యుండును గాని, మన సమాఖ్యవారు ఆ పోటీకి తగిన ప్రాముఖ్యము నీయలేదనుటయే సత్యమునకు దగ్గరయని ఆనాటి నాయకుడు శైలేన్ మన్నా తరువాతి కాలమున చెప్పినారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా మనలను 10-1తో ఓడించినది. అటు పిమ్మట బూట్లు తప్పనిసరి చేసిరి. నాలుగేండ్లకు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో, మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో, బూట్లు తొడిగిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానము సంపాదించినది. ఆ జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. రహీంగారు తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన సంగతి మా తరమువారు ఇప్పటికిని చెప్పుకొందురు.

ఉత్తకాళ్లతో పెరిగిన ఆ పాదములు బూట్లలోనికి ఎట్లు ఒదిగినవో, ఎందరు బొబ్బలతో ఆడిరో వ్రాసియుంచినవారు అరుదు. గోలులు లెక్కించినవారు బొబ్బలను లెక్కింపలేదు. నేడు ఆట నియమావళి ప్రకారము పాదరక్షలు తప్పనిసరి. బూటు కరచుచున్నదని విప్పివేసి ఆడుటకు పోటీలలో వీలులేదు. కనుక బూటును పాదమునకు కుదుర్చుట తప్ప మార్గాంతరము లేదు.

కుదరని బూటువలన కలుగునవి బొబ్బలే కావు. చిటికెన వ్రేలిమీద ఆనెలు కట్టును. గోరు మాంసములోనికి పెరిగి చీము పట్టును. ఏండ్ల తరబడి నొక్కిపెట్టినచో బొటనవ్రేలు లోపలికి వంగి, దాని మొదట ఎముక ప్రక్కకు పొడుచుకొని రావచ్చును. మూడవ నాలుగవ వ్రేళ్ల మధ్య నరము ఉబ్బి, నిప్పుమీద కాలు పెట్టినట్లు మంట పుట్టవచ్చును. మధుమేహము గలవారు బూటు కరచిన గాయమును ఒక్క దినమైనను అశ్రద్ధ చేయరాదు. పిల్లల విషయమున నొప్పి రెండు వారములు దాటినచో వైద్యునికి చూపవలెను.

ఇక కొలత సంగతి. ఇది ఇంటిలో, డబ్బు ఖర్చులేక, పది నిమిషములలో చేసికొనదగినది. సాయంకాలముననే కొలువవలెను, ఏలయన పగలెల్ల తిరిగిన పాదము ఉదయముకంటె కొంత ఉబ్బియుండును. ఆటకు వేసికొను మేజోళ్లే తొడుగవలెను. గోడకు మడమ ఆనించి, తెల్లకాగితముమీద నిలువబెట్టి, శరీరభారమంతయు ఆ కాలిమీద మోపింపవలెను. కూర్చుండబెట్టి కొలిచినచో పాదము విచ్చుకొనదు, కొలత తప్పును. పెన్సిలును నిట్టనిలువుగా పట్టి చుట్టును గీయవలెను. వాల్చి పట్టినచో గీత పాదముక్రిందికి పోయి వెడల్పు తగ్గి కనబడును. ఈ పొరపాటు మేము మొదటిమారు చేసితిమి. రెండు పాదములను కొలువవలెను. రెండును సమానముగా నుండుట అరుదు. మా పిల్లకు ఎడమది పెద్దది. పెద్ద పాదమునకే బూటు కొనవలెను. అటు తరువాత బొటనవ్రేలి మొదలినుండి చిటికెన వ్రేలి మొదలివరకు, అత్యధిక వెడల్పుకడ, దర్జీ టేపుతో పాదము చుట్టుకొలతయు తీసికొనవలెను. పాదము వెడల్పుగానే కాక ఎత్తుగానుకూడ ఉండవచ్చును; ఆ ఎత్తు కాగితముమీద కనబడదు, చుట్టుకొలతలో బయటపడును.

ఆ కాగితపు పాదమును కత్తిరించి సంచిలో వేసికొని అంగడికి పొండు. బూటులోని లోపలి అట్ట చాలవాటిలో ఊడివచ్చును. దానిని బయటికి తీసి దానిమీద కాగితపు పాదము నుంచుడు. ప్రక్కలందు ఒకటి రెండు మిల్లీమీటర్లు పొంగినను ఫరవాలేదు, పైతోలు సర్దుకొనును. అంతకు మించి పొంగినచో ఆ బూటును తొడిగి చూచుటయు వృథా. ముందువైపు మాత్రము పెద్దవారికి అర సెంటీమీటరు, పిల్లలకు ఒక సెంటీమీటరు చోటుండిన చాలును. అంగడియతడు నవ్వవచ్చును. మమ్ము చూచియు నవ్వెను. కాని మూడవ జతకడ అతడే వచ్చి మరియొక పెట్టె విప్పి "దీనిమీద పెట్టి చూడండి సార్" అనెను.

బూటు నాలుకమీద కుట్టిన చిన్న గుడ్డముక్కను చదువుట యెరుగవలెను. అందు అమెరికా, ఇంగ్లండు, ఐరోపా నంబర్లతోపాటు సెంటీమీటర్ల అంకెయు చాలవాటిపై నుండును. అదియే మనకు నమ్మదగిన అంకె. ఒకే నంబరు వేసిన రెండు సంస్థల బూట్లు ఒకే పాదమునకు పట్టుననుకొనరాదు, ఎవరి అచ్చు వారిది. వెడల్పునకు వేరుగా అక్షరములు గలవు. అమెరికా పద్ధతిలో మగవారి బూటునకు డి అనునది సామాన్యపు వెడల్పు, 2ఇ అనునది వెడల్పైనది, 4ఇ ఇంకను వెడల్పైనది. ఆడువారి బూటునకు సామాన్యపు వెడల్పు బి, అనగా మగవారిదానికంటె సన్నము. జపానువారు పాదపు చుట్టుకొలతనుబట్టి ఇ, ఇఇ, ఇఇఇ అని మెట్లు కట్టిరి. ఒక్కొక్క మెట్టునకు చుట్టుకొలత 6 మిల్లీమీటర్లు పెరుగును. దీనినిబట్టి ఒక సులభోపాయము తోచును: వెడల్పు పాదముగల ఆడపిల్లకు ఆడువారి బూట్లకంటె మగపిల్లల బూట్లు బాగుగా కుదరవచ్చును. రంగు నచ్చకపోవచ్చును, అది వేరు సంగతి. మా మనుమరాలు మొదట ముఖము చిట్లించినది. తొడిగిన తరువాత రంగు మాట యెత్తలేదు.

పేర్లు చెప్పుట మాకు అంతగా ఇష్టములేదు, ఇది సరకుల ప్రకటన కాదు గదా. అయినను కొన్ని చెప్పక తీరదు. అమెరికాకు చెందిన న్యూ బాలెన్సువారు ఫుట్‌బాల్ బూట్లను 2ఇ వెడల్పులోనుకూడ చేయుదురు. జపానుకు చెందిన మిజునో, ఆసిక్స్ సంస్థలు కొన్ని బూట్లకు వైడ్ అను పేరుతో వెడల్పు రకములు చేయుదురు. కాని ఇవి మన పట్టణములలో అరుదు. ధరయు సామాన్య గృహస్థునకు అందునది కాదు. పెద్ద సంస్థల పైతరగతి బూట్లు పదివేలు దాటుట వింత కాదు. ఒక విశేషము: ఆ ఖరీదైన వానిలో అనేకము వేగము కొఱకు చర్మమునకు అంటుకొనునట్లు సన్నగా చేయబడినవి. అధిక మూల్య మిచ్చి అధిక బాధ కొనుట యగును. మనకు కావలసినవి తరచుగా క్రింది అరలోనే యుండును. దేశవిభజన తరువాత సియాల్కోటనుండి వచ్చిన ఆటవస్తువుల పనివారితో పెరిగిన జలంధరు నగరమునుండి నివియా మొదలగు స్వదేశీ బూట్లు వచ్చుచున్నవి. వేయి, రెండు వేల రూపాయల లోపున దొరకును. అవన్నియు వెడల్పైనవని మేము చెప్పుట లేదు. కాగితము వేసి చూచుకొనుడు.

పైతోలు విషయమున ఒక మాట. నిజమైన తోలు కొద్ది వారములలో పాదమునకు తగినట్లు సాగును. కృత్రిమ పదార్థము సాగినట్లే సాగి మరల మొదటికి వచ్చును. కొనునాడు బిగుతుగానున్న కృత్రిమపు బూటు మూడు నెలల తరువాతను బిగుతుగానే యుండును. పేరునుబట్టి తోలని నమ్మరాదు. 1968లో వెలసిన ప్యూమా కింగ్ అను పేరుగాంచిన తోలు బూటు 2023నుండి కృత్రిమ పదార్థముతో వచ్చుచున్నది. అల్లినట్టి గుడ్డతో చేసిన పైభాగము కొంత మెత్తగా నుండి వెడల్పు పాదమునకు అనుకూలించును గాని, మన వాననీటిలో త్వరగా చెడును.

అడుగుభాగము ఇంతకంటెను ముఖ్యమైనది. దీనిని మనవారు పట్టించుకొనరు. పచ్చికకొఱకు చేసిన బూటునకు అడుగున స్టడ్లు అను పొడవైన గుబ్బలు కొన్నియే యుండును. మన మైదానములలో పచ్చిక యెంత? వేసవి వచ్చుసరికి నేల సిమెంటువలె గట్టిపడును. గట్టినేలలో ఆ గుబ్బలు దిగవు; దిగక అరికాలినే పైకి పొడుచును. వెడల్పు పాదము సోలు అంచు దాటి పొర్లినప్పుడు బయటి గుబ్బ సరిగా చిటికెన వ్రేలి మొదట నొక్కును. టర్ఫ్ బూట్లని అమ్మునవి వేరు. వానికి చిన్న చిన్న రబ్బరు బుడిపెలు అడుగంతటను దట్టముగా నుండును. గట్టినేలకు అవియే తగినవి. బరువు పంచుకొనును; వెలయు తక్కువ. వానకు తడిసిన పచ్చికమీద మాత్రము జారును.

ఇప్పటికే ఇరుకు బూట్లు కొనియున్నవారు వానిని పారవేయ నక్కరలేదు. మొదట లేసులు విప్పి, వ్రేళ్లవైపు నున్న మొదటి జత రంధ్రములను వదలివేసి రెండవ జతనుండి కట్టి చూడుడు. అడ్డముగా ఒకదానిపై నొకటి దాటించుటకు మారు, నిచ్చెనమెట్లవలె సమాంతరముగా పోనిచ్చినచో నడిపాదముమీద ఒత్తిడి తగ్గును. పైన చీలమండకడ మాత్రము గట్టిగానే బిగింపవలెను, లేనిచో మడమ జారును. లోపలి అట్ట దళసరిగానున్నచో పలుచనిది వేయుడు. తోలు బూటైనచో చెప్పులు కుట్టువారికడ కొయ్య అచ్చు ఉండును. తడిపి, దానిలో బిగించి, ఒకటి రెండు దినము లుంచినచో నాలుగైదు మిల్లీమీటర్లు వెడల్పగుట మేము చూచితిమి. చిటికెన వ్రేలికడ మాత్రమే నొప్పి యున్నచో ఆ చోట బొడిపె పెట్టి సాగదీయుదురు. పొయ్యిదగ్గర కాచుట, మరుగునీరు పోయుట చేయరాదు. జిగురు ఊడి సోలు వేరు, తోలు వేరు అగును. కృత్రిమపు బూట్లకు ఈ చికిత్స లేవియు పనిచేయవు.

కొత్త బూట్లు కొనినవెంటనే పోటీలో దిగరాదు. ఇంటిలో మొదటిదినము పావుగంట, తరువాత అరగంట తొడిగి తిరిగి, పిమ్మట అభ్యాసమున వాడవలెను. మొదటి రెండు దినములు ఇంటినేల శుభ్రముగా నుంచుకొనిన, నచ్చనిచో తిరిగి ఇచ్చుటకును వీలుండును. మట్టి అంటిన బూటును ఏ అంగడివాడును తీసికొనడు.

మా మనుమరాలికి మగపిల్లల టర్ఫ్ బూట్లు, 23.5 సెంటీమీటర్లవి, కొంటిమి. లోపలి అట్ట వెడల్పు 9.3. మొదటి జతకు పెట్టినదానిలో సగము సొమ్ము. ఎడమ కాలిది చిటికెన వ్రేలికడ ఇంకను కొంచెము పట్టినందున లేసు ఒక రంధ్రము వదలి కట్టుచున్నది. గాయము మానుటకు పది దినములు పట్టెను. ఆ పది దినములును ఆమెను మైదానమునకు పోనీయక ఆపుట మాకు ఎంపికకంటె కష్టమైన పోటీ. ఎంపికలో ఆమె పేరు మొదటి పదకొండుగురిలో రాలేదు, అదనపు ఆటగత్తెలలో వచ్చెను. "ఈసారి బూట్ల తప్పేం లేదు తాతయ్యా, నాకంటే బాగా ఆడారు" అని తానే చెప్పినది. "నా కాళ్లే మంచివి కావు" అను మాట మరల వినలేదు.

మొదటి జత ఊరక పడియుండనేల యని ప్రక్కయింటి పిల్లవాని కిచ్చితిమి. సన్నని పాదములవాడు, మా పిల్లకంటె కొంత పొడవు పాదము. కాగితము గీసి అట్టమీద వేసి చూచియే ఇచ్చితిమి. చక్కగా కుదిరినవి. మా మనుమరాలి కాగితపు పాదములు రెండును తేదీ వేసి బీరువాలో దాచియుంచితిమి. మూడు నెలల కొకమారు కొత్తవి గీసి పాతవానిమీద పెట్టి చూచుచున్నాము. సంక్రాంతికి గీసినప్పుడు నిడివి మారలేదు. వెడల్పు ఒక్క మిల్లీమీటరు పెరిగినది.